అంబులెన్స్‌లో ఎవరూ ఒంటరి కాదు.. మరి ఆన్‌లైన్ క్లాసులో?

పొద్దున ఆరున్నర దాటింది. నాయనమ్మ కేక విని పరుగెత్తేసరికి తాత మంచం పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. మూతి ఒక పక్కకు వంకరపోయింది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది. సంక్రాంతి సెలవులకి ఊరికెళ్లిన నేను చేతిలో ఫోన్ పట్టుకుని అలా నిలబడిపోయా. 108కి ఫోన్ చేసింది కూడా అమ్మే.

వ్యాన్ నుంచి ఇద్దరు దిగారు. ఒకరు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఇంకొకరు డ్రైవర్. 108లో ఆయన్ని పైలట్ అంటారు. ఈఎంటీకి నా వయసే ఉంటుంది. "తాతా, ఒక్కసారి నవ్వు.. రెండు చేతులూ పైకెత్తు" అన్నాడు. ఎడమ చేయి లేవలేదు. వేలికి సూది గుచ్చి షుగర్ చూశాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు.

"అమ్మా, ఈయన బాగుండగా చివరిసారి ఎవరు చూశారు? ఎన్నింటికి?"

అమ్మ "ఇప్పుడే చూశాం" అంది. నాయనమ్మ "రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్నడు" అంది. అప్పుడు గేటు దగ్గర జనంలో నిలబడ్డ పాలాయన గొంతు వినిపించింది. "అయిదుముక్కాలుకు నాతోని మాట్లాడిండు గదమ్మా. పాల పైసలు ఒకటో తారీఖు ఇస్తనన్నడు."

ఈఎంటీ తన గ్లౌజు మీదే పెన్నుతో 5.45 అని రాసుకున్నాడు. పైలట్ అప్పటికే ఫోన్‌లో సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి దగ్గరలో ఏదో కనుక్కుంటున్నాడు. ఆసుపత్రి గుమ్మంలో అప్పగింత నిమిషం కూడా పట్టలేదు. వయసు, ఎడమ చేయి, మాట, షుగర్, బీపీ, చివరిసారి బాగున్న టైమ్. అంతే.

పక్షవాతంలో మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఆ లెక్క మొదలయ్యేది మనిషి చివరిసారి బాగా కనిపించిన సమయం నుంచి. నాయనమ్మ చెప్పిన రాత్రి టైమే ఖాయం చేసి ఉంటే గడువు ఎప్పుడో దాటిపోయినట్టు. అసలు ముక్క పాలాయన దగ్గరుంది. దాన్ని బయటికి లాగింది ఒక ప్రశ్న.

ఇది జరిగిన కొన్ని నెలలకి హైదరాబాద్‌లో మా టీమ్‌కి ఒక ప్రాజెక్ట్ వచ్చింది. అంబులెన్స్‌లో పనిచేసే పారామెడిక్ విద్యార్థులకు ఆన్‌లైన్ కోర్సు తయారు చేయాలి. "నేను చేస్తా" అని అందరికంటే ముందు చెయ్యెత్తా. ఆ పాలాయన ముక్కను మాత్రం పూర్తిగా మర్చిపోయా.

డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగానే ఉంది

ముందుగా ఒక చిన్న స్పష్టత. మన దగ్గర పారామెడికల్ అంటే ల్యాబ్, ఎక్స్‌రే టెక్నీషియన్లు కూడా వచ్చేస్తారు. నేను చెప్తున్నది రోడ్డు మీద, ఇంటి దగ్గర, కదిలే బండిలో ప్రాణం నిలబెట్టే వాళ్ల గురించి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. అక్కడి నుంచి ఆ నంబర్ చాలా రాష్ట్రాలకు పాకింది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం పారామెడిక్‌ని కూడా ఒక వృత్తిగా లెక్కలోకి తీసుకుంది. అంటే వీళ్ల చదువు ఇకపై సీరియస్ వ్యవహారం.

మరి మేం ఏం చేశాం? మనందరికీ తెలిసిన ఫార్ములానే. వీడియోలు, వీడియో చివర క్విజ్, కోర్సు చివర సర్టిఫికెట్. 'అందరూ కలిసి నేర్చుకోవాలి' అని క్లయింట్ అడిగితే ప్రతి పాఠం కింద ఒక చర్చా పెట్టె తగిలించాం. 'గుండెపోటు లక్షణాలపై మీ అభిప్రాయం రాయండి.' మొదటి అబ్బాయి గూగుల్ నుంచి తెచ్చి అతికించాడు. రెండో అమ్మాయి 'బాగా చెప్పారు' అంది. మిగతా వాళ్లంతా దండం ఎమోజీ.

డ్యాష్‌బోర్డ్ మాత్రం పచ్చగా మెరిసిపోయింది. దాదాపు అందరూ కోర్సు పూర్తి చేశారు!

తర్వాత ప్రాక్టికల్ రోజు వచ్చింది. నలుగురికి ఒక కేసు ఇచ్చారు. బొమ్మ రోగి, పక్కన 'భార్య'గా నటిస్తున్న ఒక టీచర్. నలుగురూ మానిటర్ వైపే చూస్తూ నిలబడ్డారు. భార్యను ఒక్కరూ పలకరించలేదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పలేదు. ఇద్దరు బీపీ చూశారు, శ్వాస ఎవరూ చూడలేదు.

టీ తాగుతూ ఒక విద్యార్థి నాతో నిజం చెప్పేశాడు. "అన్నా, ఏమనుకోకు. వీడియో డబుల్ స్పీడ్‌లో పెట్టి అన్నం తిన్నా."

ఏమనుకుంటాం! తప్పు అతనిది కాదు. పక్కవాడి అవసరమే లేని కోర్సు మేం కట్టాం. అంబులెన్స్ పని మొత్తం పక్కవాళ్ల మీదే నడుస్తుంది. అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాం. అప్పుడు చదివినవి, పడి లేచి నేర్చుకున్నవే కింద చెప్తున్నా.

ఫోన్ ఏం నేర్పలేదో ముందు రాసుకోండి

పెద్దవాళ్లకు సీపీఆర్ చేయాలంటే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలి. ఈ వాక్యం చదవడానికి అయిదు సెకన్లు. రెండు నిమిషాలు ఆగకుండా నొక్కితే భుజాలు ఎలా లాగేస్తాయో మాత్రం బొమ్మ మీద చేస్తేనే తెలుస్తుంది. రక్తనాళంలో సూది ఎక్కించడం, విరిగిన కాలికి బద్ద కట్టడం, కాన్పు చేయడం.. ఇవన్నీ చేతుల విద్యలు.

అందుకే మా రెండో ప్రయత్నంలో కోడ్ కంటే ముందు తెల్లబోర్డు మీద రెండు గళ్లు గీశాం. ఒక గడిలో చేతులు నేర్చుకునేవి. వాటికి ప్రాక్టికల్ రోజులు, అక్కడ రాజీ లేదు. రెండో గడిలో ప్రశ్న అడగడం, ఆధారాలు కలపడం, ఏది ముందో తేల్చడం, అప్పగింత చెప్పడం. ఆన్‌లైన్‌కి ఇది చాలు. నిజానికి ఇదే ఎక్కువ.

కేసును ముక్కలు చేసి పంచండి

మొత్తం కోర్సులో పెద్ద మార్పు ఇదే. దీని వెనకున్న ఐడియా పాతది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ స్కూళ్లలో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు మొదటిసారి ఒకే తరగతిలో కూర్చున్నారు. గొడవలు మొదలయ్యాయి. ఇలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్కవాడు చెప్తే తప్ప పాఠం పూర్తి కాదు. దాన్నే జిగ్సా పద్ధతి అంటారు.

మేం అదే అంబులెన్స్ కేసుకి వాడాం. ఒక ఉదాహరణ చూడండి. పత్తి చేనులో ఒక రైతు పడిపోయాడు, వయసు 45. గ్రూపులో నలుగురు. ఒక్కొక్కరి ఫోన్‌లో ఒక్కో ముక్క మాత్రమే తెరుచుకుంటుంది.

మొదటి వ్యక్తికి చేను బొమ్మ. పక్కన స్ప్రేయర్ పడి ఉంది, చొక్కా తడిసి ఉంది, వెల్లుల్లి లాంటి ఘాటు వాసన. రెండో వ్యక్తికి కొలతలు. నాడి నిమిషానికి 48, ఆక్సిజన్ 84, నోటి నుంచి చొంగ ఆగడం లేదు, కనుపాపలు గుండుసూది మొనంత. మూడో వ్యక్తికి భార్య మాట వాయిస్ నోట్‌లో. 'పొద్దటి నుంచి ఎండలనే ఉన్నడు, వడదెబ్బ తాకింది సారూ.' నాలుగో వ్యక్తికి బండి. అందులో ఉన్న సామాన్లు, పది నిమిషాల దూరంలో పీహెచ్‌సీ, యాభై నిమిషాల దూరంలో వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి.

భార్య మాట ఒక్కటే విన్నవాళ్లు వడదెబ్బే అంటారు. కొలతలు ఒక్కటే చూసినవాళ్లు గుండె జబ్బేమో అని తడబడతారు. నాలుగూ కలిపితే పురుగుమందు విషం కళ్లముందుకు వస్తుంది. అప్పుడు ఏం చేయాలో కూడా మారిపోతుంది. ముందు మన చేతులకు గ్లౌజులు, లేకపోతే విషం మనకూ అంటుతుంది. తడిసిన బట్టలు తీసేయాలి, ఒళ్లు కడగాలి, నోట్లో చొంగ లాగేసి దారి తెరవాలి, ఆక్సిజన్ పెట్టాలి, అట్రోపిన్ గురించి కాల్ సెంటర్‌లోని డాక్టర్‌ని అడగాలి.

ఇక్కడ 'బాగా చెప్పారు' అని రాసి తప్పించుకునే వీలు లేదు. మీ ముక్క మీరు చెప్పకపోతే ఆ రైతు బతకడు. వచ్చే వారం ముక్కలు మారతాయి. ఈ వారం కొలతలు చదివినమ్మాయి వచ్చే వారం ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. గ్రూపుకి నలుగురు, మహా అయితే అయిదుగురు. అంతకుమించితే చూసీ చూడనట్టు ఉండేవాళ్లు తయారవుతారు, మన కాలేజీ ప్రాజెక్టుల్లో చూడలేదా!

రాత్రి డ్యూటీ వాళ్లను బయట పెట్టొద్దు

మొదటి వెర్షన్‌లో రాత్రి ఏడింటికి లైవ్ క్లాస్ పెట్టాం. సగం మంది డ్యూటీలో ఉన్నారు. కొందరు జేబులో ఫోన్ పెట్టుకుని లాగిన్ అయ్యి హాజరు వేయించుకున్నారు. డ్యూటీలో ఉన్నవాళ్ల దృష్టి లాగడమంటే రోగి మీద నుంచి లాగడమే. అది ఎంత పెద్ద తప్పో మాకు అప్పటికి తట్టలేదు.

ఇప్పుడు ప్రతి కేసుకి 72 గంటల కిటికీ ఉంటుంది. ఎవరి వీలు వాళ్లది. డ్యూటీ టైమ్‌లో యాప్ నోటిఫికేషన్ పంపదు. అయితే గడువు మాత్రం గడువే. పూర్తిగా 'ఎప్పుడైనా చేసుకోండి' అంటే గ్రూపు విడిపోతుంది.

ఇక డేటా లెక్క. మామూలు క్వాలిటీలో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పది నిమిషాల వీడియో అంటే 75 ఎంబీ. నిమిషం వాయిస్ నోట్‌ని 16 కిలోబిట్లకు కుదిస్తే 120 కేబీ. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ ఒక గీత వచ్చి పోతుంటుంది. ఆ గీత వచ్చినప్పుడు వాయిస్ నోట్ దానంతట అదే వెళ్లిపోవాలి, మళ్లీ మొదటి నుంచి పంపమని అడగకూడదు. ఇంకో లాభం కూడా ఉంది. రాయమంటే మొహమాటపడే వాళ్లు మాట్లాడమంటే గలగలా మాట్లాడారు, వాళ్ల యాసలోనే. మందుల పేర్లు ఇంగ్లిష్‌లో, ఆలోచన తెలుగులో. అంబులెన్స్‌లో జరిగేదీ అదే కదా.

టీచర్ కనిపించాలి, కానీ తొందరపడకూడదు

ఆన్‌లైన్ గ్రూపు చదువు మీద బాగా పేరున్న ఒక నమూనా ఉంది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో దాన్ని ప్రతిపాదించారు. వాళ్ల మాట సింపుల్‌గా చెప్పాలంటే మూడు ఉండాలి. అవతల నిజమైన మనుషులు ఉన్నారన్న నమ్మకం. బుర్రకు పనిపెట్టే ఆలోచన. దారి చూపే టీచర్. ఒక్కటి తగ్గినా కుంటుతుంది.

మా టీచర్లలో ఒకాయన చాలా మంచివారు. ఎంత మంచివారంటే, విద్యార్థి ప్రశ్న అడిగిన పది నిమిషాల్లో పూర్తి జవాబు పెట్టేసేవారు. దాంతో గ్రూపు నిద్రపోయేది. ఇప్పుడు ఆయన మొదటి రోజు మాట్లాడరు. రెండో రోజు ఒకే ఒక్క ప్రశ్న వేస్తారు. "వడదెబ్బ అయితే కనుపాపలు అంత చిన్నగా ఎందుకు ఉన్నాయి?" మూడో రోజు ముగింపు చెప్తారు.

టీచర్ మైదానంలో ఉండటం అంటే ఏంటో పారామెడిక్ చరిత్రలోనే ఉంది. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ మొదలైంది. ఉద్యోగాలు లేని నల్లజాతి యువకులను తీసుకుని, ఆ రోజుల్లో అంబులెన్స్ సిబ్బందికి ఎవరూ ఇవ్వనంత శిక్షణ ఇచ్చారు. తర్వాత దాని వైద్య బాధ్యతలు చూసిన డాక్టర్ నాన్సీ కరొలిన్ వాళ్లతో పాటు బండెక్కి తిరిగారు. పారామెడిక్‌ల పాఠ్యపుస్తకం కూడా ఆవిడే రాశారు. పాఠం రోడ్డు మీద నుంచి పుస్తకంలోకి వెళ్లిందన్నమాట.

ఆన్‌లైన్‌లో దీనికి దగ్గరి ఉదాహరణ ప్రాజెక్ట్ ఎకో. న్యూ మెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ సీ కోసం దీన్ని మొదలుపెట్టారు. పల్లె డాక్టర్లు తమ నిజమైన కేసులను వీడియోలో స్పెషలిస్టుల ముందు పెట్టేవారు, అందరూ కలిసి చర్చించేవారు. పల్లెల్లో అందిన చికిత్స ఫలితాలు యూనివర్సిటీ ఆసుపత్రికి తీసిపోలేదని 2011లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. అక్కడ ఒకరు చెప్పడం మిగతావాళ్లు వినడం కాదు, అందరూ చెప్తారు, అందరూ నేర్చుకుంటారు.

తప్పు చెప్పుకునే చోటు కావాలి

ప్రతి కేసు తర్వాత మూడు ప్రశ్నలు పెట్టాం. ఏం జరిగింది? అప్పుడు ఏమనుకున్నాం? ఈసారి ఏం మారుస్తాం? డ్యూటీ చేస్తూ చదువుతున్నవాళ్లు తమ అనుభవాలు కూడా చెప్పడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి చెప్పింది, ఒక కేసులో షుగర్ చూడటం మర్చిపోయానని. పక్షవాతం లాగే కనిపించింది, తీరా చూస్తే షుగర్ పడిపోయిన మనిషి. ఆ వాయిస్ నోట్‌ని గ్రూపంతా మళ్లీ మళ్లీ విన్నారు. ఏ వీడియోకీ రాని వ్యూస్!

అంతలో ఒక బాసు గారిని కూడా గ్రూపుల్లో చేర్చాలని పైనుంచి మాకు చెప్పారు. "ఊరికే చూస్తారంతే" అన్నారు. చేర్చాం. ఆ వారం నుంచి ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. అందరూ ఒక్కసారిగా పర్ఫెక్ట్ అయిపోయారు. ఆయన్ని తీసేయించడానికి నెల పట్టింది. గ్రూపులో మళ్లీ మాటలు రావడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. అందుకే ఇప్పుడు రాతపూర్వక నియమం ఉంది. చర్చలో చెప్పిన తప్పుకి మార్కులు పోవు, ఆ మాట ఉద్యోగం ఫైల్లోకి వెళ్లదు.

దీనికి జోడీగా ఇంకో నియమం. రోగి ఫొటో, పేరు, ఊరు ఏదీ పెట్టకూడదు. చిన్న ఊళ్లో అయితే 'మొన్న శనివారం ట్రాక్టర్ కింద పడ్డాయన' అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి రోజు, వయసు, చోటు మార్చి చెప్పాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అది వేరే సంగతి. చట్టం లేకపోయినా, మనల్ని నమ్మి తలుపు తీసిన ఇల్లది.

'చూశారా?' కాదు, 'చెప్పగలరా?'

పచ్చ డ్యాష్‌బోర్డ్‌ని మేం తీసేశాం. దాని బదులు గుర్తుతెచ్చుకునే పరీక్షలు పెట్టాం. ఎందుకంటే, రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకుంటూ పరీక్ష రాసినవాళ్లే గెలిచారు. అంబులెన్స్‌లో అవసరం పడేది అయిదు నిమిషాల తర్వాత కాదు, అయిదు నెలల తర్వాత. అందుకే రైతు కేసు వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి వేషం మార్చుకుని వస్తుంది.

చివరి పరీక్ష అప్పగింత. ఒకరు 60 సెకన్లలో వాయిస్ నోట్ పంపాలి. ఏం జరిగింది, ఏం దెబ్బలు లేదా లక్షణాలు, కొలతలు ఎలా ఉన్నాయి, మనం ఏం చేశాం. వేరే గ్రూపులో ఒకరు అది విని, ఆసుపత్రి నర్సుగా, ముందు ఏం చేస్తారో చెప్పాలి. వినేవాళ్లకి అర్థం కాకపోతే తక్కువ మార్కులు పడేది చెప్పినవాళ్లకి. ఇందులో గ్రూపు మార్కు ఉంటుంది, ఎవరిది వాళ్లకి విడిగా మార్కు కూడా ఉంటుంది. లేకపోతే ఒకరు మోస్తారు, ముగ్గురు ఊరేగుతారు.

మళ్లీ ఆ గేటు దగ్గరికి

కొత్త కోర్సుతో ఒక్క బ్యాచ్ మాత్రమే పూర్తయింది. అద్భుతం జరిగిపోయిందని చెప్పను, ఒక బ్యాచ్ చూసి అలా అనకూడదు కూడా. కానీ ఈసారి ప్రాక్టికల్ రోజు నేను గోడకు ఆనుకుని చూశా. బొమ్మ రోగి, అదే 'భార్య'. నలుగురు వచ్చారు. ఒకమ్మాయి నేరుగా భార్య దగ్గర కూర్చుంది. "అమ్మా, ఈయన బాగుండగా చివరిసారి ఎవరు చూశారు?" అంది. వెంటనే వెనక్కి తిరిగి, "మీకేం కనిపించింది, గట్టిగా చెప్పండి" అని మిగతా ముగ్గురినీ అడిగింది.

ఆ ప్రశ్న వినగానే నాకు మా ఇంటి గేటు గుర్తొచ్చింది.

తాత ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తాడు. ఎడమ చేతి వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవు. పొద్దున పాలు మాత్రం తనే గేటు దగ్గరికెళ్లి పోయించుకుంటాడు. పాల పైసలు ఒకటో తారీఖున ఇచ్చేస్తాడు, ఒక్క రోజు కూడా ఆగడు.